నేను గీయని కోడి

ఉర్గుట్‌లో పెళ్ళి కుదిరిందంటే
ముందు నాకే కబురు, తర్వాతే వంటవాడికి.
నేను కుట్టను. గీస్తాను.
దాని పేరు సూజని. పేరులో సూది ఉంది,
కలం లేదు.

నాలుగు నూలు పట్టీలు పచ్చికుట్టుతో చేర్చి
నేల మీద పరిచి మూలల్లో రాళ్ళు పెడతారు.
మోకాళ్ళ మీద పాకుతూ
రెల్లు కలంతో, మసి సిరాతో
ఒక చందమామ, దాని వెనక ఇంకో చందమామ.
దిష్టికి మిరపకాయ.
కడుపు పండటానికి దానిమ్మ.
తేలు రాకుండా తేలు తోక.
కొలబద్ద లేదు. మా అమ్మ జానే నా జాన.

గీయడం అయ్యాక ఆ కుట్లు విప్పేస్తారు.
పట్టీకొక ఇల్లు.
ఒకటి పెళ్ళికూతురు కుమ్రీకి.
ఒకటి నాయనమ్మ బీబీసారాకి,
చూపు పోయింది, వేళ్ళకి పోలేదు.
ఒకటి పిన్ని జుల్హుమార్‌కి,
చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు.
నాలుగోది కొండ దాటి, గాడిద మీద,
మేనత్త హోసియత్ ఇంటికి.

మూడేళ్ళు.
ఆ మూడేళ్ళలో ఒక కరువు వచ్చింది,
సమర్కండ్ దాకా రైలు వచ్చింది,
రైల్లో సీసా ఎరుపు వచ్చింది.
మంజిష్ఠ ఎరుపు ముసలిదై ఇటుకరంగుకి తిరుగుతుంది.
ఈ కొత్తది తడిస్తే చాలు
పక్క పువ్వు మీద పడి ఏడుస్తుంది.
నీలం మాత్రం మారలేదు, అది పిన్హాస్ తొట్టిలోది.
అతను పోయినప్పుడు స్నానం చేయించినవాళ్ళు
ఆ చేతుల్ని తెల్లగా చేయలేకపోయారట.

పట్టీలు తిరిగొచ్చిన రోజు నన్ను పిలిచారు.
పక్కపక్కన పెట్టి చూశాం.
సగం చందమామ ఇక్కడ,
మిగతా సగం బెత్తెడు కిందికి,
ఎవరో తలుపు సరిగా వేయనట్టు.
ఫర్వాలేదు, ఎప్పుడూ అంతే.
ఒకామె దారం బిగించి లాగుతుంది,
ఒకామె కబుర్లలో పడి వదిలేస్తుంది.
నాలుగు ఇళ్ళలో మూడేళ్ళుండి వచ్చిన గీత
ఒకే గీతగా ఎందుకొస్తుంది?

కానీ హోసియత్ పట్టీలో, కింది అంచున,
తీగ ఉండాల్సిన చోట
ఒక కోడి.

పసుపు కోడి. ఒంటికాలిది.
రెండో కాలికి దారం చాలలేదో, చోటు చాలలేదో.
ముక్కు తెరిచి ఉంది.

"మగపెళ్ళివాళ్ళు నవ్విపోతారు, విప్పేద్దాం"
అంది జుల్హుమార్.
అప్పటికే కత్తెర కొన పోగు కిందికి దూరింది.
గోడవార హోసియత్
టీ గిన్నెలోకి చూస్తూ కూర్చుంది.
కరువులో ఆ ఇంట్లో కోసుకు తినని ప్రాణి
అదొక్కటేనని తర్వాతెవరో చెప్పారు.
నాకప్పుడు తెలీదు.
కనబడిందల్లా ఆ ఈకలు:
కుట్టు కుట్టుకీ వాలు మారి
వెనకనుంచి గాలి కొట్టినట్టు లేచి ఉన్నాయి.
నలభై ఏళ్ళలో నా కలం కింద
ఒక్క ఆకు అలా కదల్లేదు.

"నేనే గీశాను" అన్నాను.

కత్తెర ఆగింది.
బీబీసారా చెయ్యి చాపి కోడిని తడిమింది
తోక నుంచి ముక్కు దాకా, మళ్ళీ తోక దాకా.
నా గీత ఆ వేళ్ళకి కొత్త కాదు.
"నువ్వా?" అంది.
తర్వాత టీ పోయమంది.

పట్టీలు కలిపి కుట్టారు, కోడితో సహా.
ఒక మూల మాత్రం కుట్టకుండా వదిలేస్తాం,
పని అయిపోతే అదృష్టమూ అయిపోతుందని.
మిగతా గుడ్డంతా నా సిరా దారం కింద పూడిపోయింది.
ఆ మూలలో ఒక ఆకు, సగం కాడ
నావిగా ఉంటాయి,
మొదటి ఉతుకు దాకా.

కూలి రెండు కుంచాల పిండి, జేబు నిండా అక్రోట్లు.
గుమ్మం దగ్గర హోసియత్
ఏమీ అనకుండా నా రుమాల్లో రెండు గుడ్లు కట్టింది.
ఒకటి దారిలో చిట్లింది.